భావనపాడు ఒడ్డుకు వచ్చిన రోమ్ రాణి

1968లో నేను పురావస్తు శాఖలో టెక్నికల్ అసిస్టెంటుగా శ్రీకాకుళంలో పనిచేస్తున్నాను. నాణేలు గుర్తించడం నా పని. భావనపాడు ఒడ్డున ఇసుకలో పాత కంచు నాణెం ఒకటి దొరికిందనీ, దాని మీద ఆడమనిషి తల ఉంది కనుక అది విక్టోరియా రాణిదేననీ తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. నాణేల విషయంలో ఆ ఆఫీసుకు సందేహమన్నది ఎప్పుడూ ఉండేది కాదు. నాకుంది కాబట్టి బయల్దేరాను.

నరసన్నపేటలో బస్సు మారి అక్కడికి చేరేసరికి, నాణెం దొరికిన నూకమ్మ అనే ఎండుచేపలమ్మే ముసలమ్మ దాన్ని చింతపండు పెట్టి తోముతోంది. పాత కంచు మీద పట్టే పచ్చటి పొరే దానికి రక్ష. అది పోతే అక్షరాలూ పోతాయి. "ఆపమ్మా!" అని అరిచాను.

"ఏటి బాబూ ఆ కేకలు? సుక్కురవారం అమ్మోరికి తానం సేయించొద్దేటి?" అంది.

చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుంటే గాని నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు. నాణేన్ని ఎండకు వాలుగా తిప్పుతూ లెన్సుతో చూశాను. అరిగిపోయిన అక్షరాల్లో ఫౌస్టీనా అన్న పేరు, దాని ముందు 'దివా' అన్న మాట దొరికాయి. రోమన్లు ఆ మాటను బతికున్న రాణికి వేయరు, చనిపోయాక దేవతగా ప్రకటించిన రాణికే వేస్తారు. ఆ పేరుతో తల్లీకూతుళ్ళు ఇద్దరున్నారు. జుట్టు నడినెత్తిన ముడి చుట్టి ఉంది కాబట్టి ఈమె తల్లి.

ఇక నూకమ్మకు నచ్చజెప్పి నాణెం తీసుకోవాలి. ఇది అమ్మవారు కాదనీ, రోమ్ అనే దూరదేశపు రాజుగారి భార్య అనీ, ఆవిడ పోయాక రాజు గుడి కట్టించి దేవతను చేశాడనీ గొప్పగా వివరించాను.

"మొగుడుండగానే పోనాదా?"

అవునన్నాను.

"పసుపుకుంకాలతో పోనాది, గుడి కట్టీసినారు. మరి పేరంటాలు కాదేటి బాబూ? తెలీక అమ్మోరనీసేను గానీ, మా మేనత్తా పేరంటాలే!"

మా వైపు పుణ్యస్త్రీగా పోయిన ఇల్లాలిని పేరంటాలు అని దేవతలా కొలుస్తారు. మా శాఖ పుస్తకంలో పేజీలు పట్టిన విషయం ఒక్క మాటతో తేలిపోయింది. నా పని మాత్రం చెడింది. రాణినైతే ఇచ్చేదేమో, పేరంటాల్ని ఎవరిస్తారు?

చివరికి లెన్సు ఆవిడ చేతికే ఇచ్చి, బొమ్మ ముక్కు చూడమన్నాను. ముక్కు సగం లేదు. తోమినకొద్దీ మిగతాదీ పోతుందన్నాను. చాలాసేపు చూసి, "నా సేతుల్తోనే అరగదీసీసేను తల్లీ" అని నూకమ్మ ఏడ్చింది. నాకూ బాధేసింది. ఇంటి ఆడపడుచును వట్టి చేతులతో సాగనంపకూడదని రవికెగుడ్డ, గాజులు, పసుపు, వాటితో పాటు ఎండు నెత్తళ్ళ చేపలూ మూటగట్టి, నాణెంతో నా చేతికిచ్చింది. తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

మా మ్యూజియంలో 'దైవత్వం పొందిన రోమన్ సామ్రాజ్ఞి' అని లేబుల్ పెడితే ఒక్కరూ ఆగి చూడలేదు. దాన్ని 'రోమ్ పేరంటాలు' అని మార్పించాను. లేబుల్ చూసేవాళ్ళ మాటలో ఉండాలన్నది ఆ నాణెం నాకు నేర్పిన పాఠం. ఆ తర్వాత పెట్టె అద్దం మీద కుంకుమ తుడవడం అటెండరు డ్యూటీలో చేరింది. నా పాఠం అతనికి మాత్రం ఎన్నడూ నచ్చలేదు.