రాక్షసుల చెరలో సోషల్ మాస్టారు

ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం కోదాడలో ఒక ఎలక్ట్రికల్ షాపు పైగదిలో కూర్చుని యుద్ధాలు చేస్తాం. పాచికలతో ఆడే కథల ఆట అది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక వీరుడి వేషం కడతారు. ఏం చేయదలచుకున్నారో నోటితో చెప్పి పాచిక వేస్తారు. అది ఎలా పడితే కథ అలా నడుస్తుంది. కథ చెప్పేది నేనే. మిర్యాలగూడలో పిల్లలకు సోషల్ చెప్పే మనిషిని కాబట్టి యుద్ధాల మీద సర్వహక్కులూ నావేనని నా నమ్మకం.

షాపు యజమాని ఆటలో మాంత్రికుడు. మాడుగులపల్లిలో గొర్లు చూసుకునే నా బావమరిది దొంగ. సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చే నర్సు అక్క సేనాపతి. దవాఖానలో వారమంతా దిగమింగుకున్న కోపం ఆమె రాక్షసుల మీద తీర్చుకునేది.

ఒక ఆదివారం ఆ ముగ్గురినీ యుద్ధంలో ఓడించి రాక్షసరాజు చెరలో పడేశాను. చీకటి గుహ, గొలుసులు, మూలమూలనా పుర్రెలు. గొంతు బొంగురు చేసి మరీ వర్ణించాను. కాపలా రాక్షసుడు నడుముకు తాళాలు వేలాడేసుకుని గురక పెడుతున్నాడని చెప్పి, వాటిని ఎవరు కొట్టేస్తారా అని చూశాను.

"వాడెందుకు పండుకున్నడు తమ్మీ?" అంది అక్క.

"అలసిపోయిండు."

"ఏం పని చేసిండని? మా వాచ్‌మన్ గూడ పండుకుంటడు. కానీ తాళాలు తల కింద పెట్టుకొని పండుకుంటడు."

బావమరిదికి ఊపొచ్చింది. "అసలు మమ్మల్ని ఎందుకు సంపలే బావా? యుద్ధం నడుస్తుంటే ముగ్గురికి తిండి పెట్టుడు దండగ గదా."

"మీతోని రహస్యాలు చెప్పించాలె."

"అడగమను, చెప్పేస్త. నేనేమన్న దాస్తున్ననా?"

షాపాయన మెల్లగా అందుకున్నాడు. "పుర్రెలు తీయించకుండా కొత్తోళ్ళని పెడితే రోగాలొస్తాయి మాస్టారూ. ముందు పోయేది కాపలావాడే."

నాకు ఒళ్ళు మండింది. "ఎగిరే గుర్రాన్ని నమ్మిన్రు, గీ తాళాలను నమ్మరా?"

"గుర్రం ఎగిరితే ఎగిరింది. డ్యూటీ చేసేటోడు డ్యూటీ చేసేటోని లెక్క ఉండాలె గదా," అంది అక్క.

"అయితే కథ నువ్వే చెప్పు. నేను ఖైదీనైత."

అన్నాక ఆగుతుందా? పై ఆదివారం ఆమె కథ చెప్పింది. నేను మహావీరుణ్ణి, శత్రువుకు చిక్కాను. గుహ లేదు, పుర్రెలు లేవు. వడ్ల గోదాము. పొద్దున వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం, నీళ్ళ పప్పు, మళ్ళీ లెక్క. కొట్టేవాడు లేడు, తిట్టేవాడూ లేడు. కూర్చున్నచోటే నాకు ఆవలింతలొచ్చాయి. గోడ దూకుతానన్నాను. పాచిక బ్రహ్మాండంగా పడింది.

"దూకినవ్. కానీ చెప్పులు మొదటి దినమే గుంజుకున్నరు. అంతా తుమ్మముండ్లు. ఇగ నడువు."

కుంటుకుంటూ ఒక రాక్షసి ఇంటి ముందు పడ్డాను. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. కథ చెబుతున్న అక్క గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"నువ్వు అవతలోళ్ళ మనిషివి గదా బిడ్డా. నా కొడుకు మీ కాడ ఖైదుల ఉన్నడంట. తింటున్నడా?"

ఆట మొదలుపెట్టిన నాటి నుంచి మా వైపు ఒక్క రాక్షసుణ్ణి కూడా ఖైదు చేయలేదు. దొరికినవాణ్ణి దొరికినట్టు నరికి, చప్పట్లు కొట్టి చాయ్ తాగాం. ఆ లెక్కన ఆ కొడుకు లేడు. ఇంత ఆటలో మొదటిసారి నాకు సిగ్గేసింది.

"తింటున్నడమ్మా, మంచిగనే ఉన్నడు," అన్నాను.

ఆమె సంతోషపడి, సైనికులను పిలిచి నన్ను పట్టించింది. బావమరిది కిందపడి నవ్వాడు.

మళ్ళీ గోదాములో పడ్డాను. మనిషికి మనిషినిస్తే వదులుతామని రాక్షసరాజు కబురు పంపాడు. ఇవ్వడానికి మా దగ్గర ఎవరున్నారు? నన్ను విడిపించాలంటే మావాళ్ళు ఒక రాక్షసుణ్ణి ప్రాణాలతో పట్టాలి. అంత కష్టమైన పని మేమెప్పుడూ చేయలేదు. బావమరిది మెల్లగా కొట్టినా ఒకడు పోయాడు. "పట్టుకుందామనే కొట్టిన బావా, పానం నిలవలే," అన్నాడు దిగులుగా. చివరికి షాపాయన మంత్రమేసి ఒకణ్ణి నిద్రపుచ్చాడు. వాడికి తిండి ఎవరు పెట్టాలని ఇద్దరూ కొట్లాడుకుంటుంటే గోదాములో నేను హాయిగా విన్నాను.

మార్పిడి నది ఒడ్డున జరిగింది. "మన వాడపల్లి కాడ రెండు నదులు కలిసినట్టు అనుకో," అంది అక్క. "ఇసుకల నువ్వు ఇటు వస్తున్నవ్, వాడు అటు పోతున్నడు. నడుమ ఎదురైండ్రు. ఏమన్న అంటవా?"

ఎన్ని యుద్ధాలకు ఎన్ని వీరవచనాలు రాశాను! ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎండ బాగున్నదే," అన్నాను.

అక్క పాచిక వేసి చూసింది. "అవునన్నడు. ఇగ పో."