స్తంభంలో అక్షింతలు

పాసయ్యాను. గంట క్రితం ముగ్గురు ప్రొఫెసర్లు నా చేయి కుదిపి, ఇక నువ్వు ఆర్కిటెక్చర్ గ్రాడ్యుయేట్‌వి అన్నారు. మా వంశంలో ఇంటర్ గడప దాటిన మొదటి మనిషిని నేనే. యూనివర్సిటీ పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ కబురు ఎవరికైనా చెప్పేదాకా కారు కదిలించను. (అమ్మకి మూడుసార్లు ఫోన్ చేశాను. మా ఊరు ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ వెనక వంటగదిలో సమోసాలు వేయిస్తూ ఉంటుంది, ఎత్తదు.) నా థీసిస్ ఒక పాత ఎగ్జిబిషన్ హాలు మీద. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ హాల్లో ఒక్క స్తంభం మీద.

ఆ హాల్లో పనిచేసిన రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. పంతొమ్మిదేళ్లు, కాలేజీలో మొదటి సంవత్సరం, శని ఆదివారాలు ఆ హాల్లో గైడు ఉద్యోగం. విక్టోరియా రాణి కాలంలో ఆవిరి ఇంజన్లు, పత్తి మిషన్లు చూపించి గొప్పలు పోవడానికి కట్టిన హాలు అది. లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల మహల్ లేచిందని విని ఇక్కడి టెక్సాస్ వ్యాపారులకి నిద్రపట్టలేదు. ఇనుప స్తంభాలన్నీ ఒకే అచ్చులో పోతపోయించి, రైలెక్కించి తెచ్చి, బోల్టులు బిగించి నిలబెట్టారు. ఒక్కోదాని నెత్తిన ఇనుప ఆకుల కిరీటం. గ్రీకు గుడిలా కనిపించాలని వాళ్ల తాపత్రయం. కనిపించేది మాత్రం అద్దె నగలు పెట్టుకున్న రైల్వే స్టేషన్‌లా. కప్పంతా అద్దాలే. టెక్సాస్‌లో ఎండ కాస్తుందని పాపం ఎవరూ వాళ్లకి చెప్పినట్టు లేరు, లోపల వడియాలు పెట్టుకోవచ్చు. ఇప్పుడందులో కుక్కల అందాల పోటీలు, మనవాళ్ల ఫంక్షన్లు.

హాలు మేనేజర్‌ని నేను తాళాలావిడ అనేదాన్ని (నడుముకి గుత్తి, మొహానికి కూడా ఒక తాళం). ఆర్కిటెక్చర్ స్కూల్లో నా సీటు ఆవిడ రాసే రికమండేషన్ లెటర్ మీదే ఆధారపడి ఉంది. చెక్క నేల మీద మరక పడితే లెటర్ మాట మర్చిపొమ్మని ముందే చెప్పింది.

ఒక శనివారం ఇర్వింగ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకాయన, వాళ్ల నాన్నగారి షష్టిపూర్తికి ఆ హాలు బుక్ చేశాడు, ఫోటోలు బాగా వస్తాయని. ఆ పెద్దాయన ఇండియాలో వాళ్ల ఊళ్లో రైస్ మిల్లులకి రేకుల షెడ్లు వేసి రిటైరైన మనిషి. పట్టుపంచె, మెడలో దండ, అయినా పీటల మీద కూర్చోకుండా నేను నిలబడ్డ స్తంభం దగ్గరికొచ్చి ఉంగరంతో టంగున కొట్టారు.

"అమ్మాయ్, లోపలంతా బోలు. ఇది నీళ్ల గొట్టం తల్లీ."

"అంకుల్, ఇది విక్టోరియన్ ఆర్కిటెక్చర్. మీ రైస్ మిల్లు షెడ్డు కాదు."

"అయితే పైన పడ్డ వాన ఎటు పోద్దో చెప్పు."

ఇప్పుడు వాన లేదు కదా అన్నాను. (ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేనే చూసుకోలేను.)

అక్షింతలు వేయడంలో మనవాళ్లకి పొదుపు తెలియదు. తంతు అయ్యేసరికి నేలంతా పసుపు బియ్యం. నాకు తాళాలావిడ గుర్తొచ్చింది. లండన్ మహల్లో చెత్త కిందకి ఊడ్చేయడానికి నేలచెక్కల మధ్య సందులు వదిలారని ఏదో పుస్తకంలో సగం చదివి ఉన్నాను. స్తంభం మొదట్లో ఇనుప జల్లెడ ఒకటుంది. ఇది ఇందుకేనని ఫంక్షన్‌కొచ్చిన ఒక ఆంటీకి చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఆవిడ చేత బియ్యమంతా అందులోకి ఊడ్పించాను.

భోజనాలు మొదలవగానే టెక్సాస్ వాన విరుచుకుపడింది. స్తంభం కడుపులో గుడగుడ. బియ్యం నానింది, ఉబ్బింది, దారి మూసేసింది. జల్లెడలోంచి పసుపు నీళ్లు ఎగదన్ని, వేసిన అక్షింతలన్నీ తిరిగి తెచ్చి దంపతుల కాళ్ల మీద పోశాయి. పెద్దాయన పంచె ఎగ్గట్టి, దండతోనే మోకాళ్ల మీద కూర్చుని సాంబారు గరిటె అడిగారు.

"అరవయ్యేళ్లు నిండిన రోజైనా ఆ పైపులు వదలరా?" అంది వాళ్లావిడ, గరిటె అందిస్తూనే.

నానిన బియ్యం తోడేశాక స్తంభం ఒక్క గుటక వేసి నీళ్లన్నీ మింగేసింది. అప్పుడొచ్చింది తాళాలావిడ, ఇందులోకి ఎవరు ఊడ్చారంటూ. ఆంటీ తల వంచుకుంది. పెద్దాయన నావైపు ఒకసారి చూసి గరిటె తుడుచుకోసాగారు.

"నేనే ఊడ్చమన్నాను. గొట్టమని ఈయన ముందే చెప్పారు, నేను వినలేదు."

తాళాలావిడ సాయంత్రం దాకా నాచేత నేల తుడిపించింది. లెటర్ మాత్రం రాసింది. అందులో ఒక వాక్యం: ఈ అమ్మాయి తెలియనిది గట్టిగా చెబుతుంది, తప్పు కూడా అంతే గట్టిగా ఒప్పుకుంటుంది.

స్తంభాల్లోంచి వాన దిగుతుందని మొదట ఎలా కనిపెట్టావని ఇవాళ ప్రొఫెసర్ అడిగారు. ఒక సీనియర్ నిపుణుడు ఉంగరంతో కొట్టి చెప్పారన్నాను. వాళ్లు నోట్ చేసుకున్నారు. నా థీసిస్ మొదటి వాక్యం, ఈ హాలు నిజానికి ఒక షెడ్డు అని. ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురైతే రెండు తగిలించి, తర్వాత ఒక సమోసా కొనిపెడతాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: అమ్మ, నాలుగోసారి. తాళాలావిడ. ఊడ్చిన ఆంటీ, సారీ ఇంకా బాకీనే. చివరగా పెద్దాయన, థీసిస్ రాసినన్నాళ్లూ సందేహం వస్తే ఆయనకే చేసేదాన్ని. ఎత్తేది వాళ్లావిడే. పైపుల సంగతి కాదని ఒట్టేస్తే గానీ ఫోన్ ఆయనకివ్వదు, ఈసారీ ఒట్టేయలేను.