గోదారి ఒడ్డున ముందు నడక

నా చిన్నప్పుడు ట్రెక్కింగ్ అనే మాట మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. వీపున మూట కట్టుకుని, గోదారి ఒడ్డునే బండలెక్కి, వాగులు, ఒర్రెలు దాటి, రాత్రికి ఇసుకలో పడుకుని, మర్నాడు జాతరకు చేరడాన్ని మేము ఉత్త 'నడిచిపోవుడు' అనేవాళ్ళం. మా మనవరాలు ఇప్పుడు అదే పనికి ప్రత్యేకంగా బూట్లు కొనుక్కుంటుంది. నాకు ఆనాడు చెప్పులు కూడా లేవు. అయినా సంబరంలో మాత్రం దాన్ని నేను ఎప్పుడో ఓడించేశాను, పందెం!

మాది నస్పూర్ అవతల గోదారి పక్కనున్న చిన్న పల్లె. పంటలు ఇంటికి వచ్చే రోజుల్లో మా మెథడిస్టు చర్చి వాళ్ళమంతా ఏటి ఎగువన చింతతోపులో జరిగే క్రైస్తవ జాతరకు పోయేవాళ్ళం. ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెట్టాలి. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు చుట్టూ తిరిగి సడక్ మీద జీపులో వచ్చేవాళ్ళు. మిగిలినవాళ్ళం ఒడ్డు పట్టుకుని నడిచేవాళ్ళం. మా నాన్నను కన్నతల్లిని, అంటే మా బాపమ్మను, ముసలివాళ్ళ లెక్కలో వేసే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్ళై మా ఊరికి వచ్చినప్పటి నుంచి ఆమె ఒక్క ఏడు కూడా జీపెక్కలేదు.

ఆ ఏడు మా పెరటి దడికి నేను పాకించిన తీగ గుమ్మడికాయ కాసింది. విత్తు పెట్టింది నేను, నీళ్ళు పోసింది నేను, కోడిపిల్లలను తరిమింది నేను. దాన్ని నా చేతులతో నేనే దేవుని ముందు పెడతానని పంతం పట్టాను. అంతకు ముందు నన్ను ఎప్పుడూ నడకకు తీసుకుపోలేదు. మా నాన్న, అదే మా బాపు, చాలాసేపు నసిగి, చివరికి ఒక మాట అన్నాడు. "కాయ నువ్వే మొయ్యాలె. నడువలేనంటె రేవు కాడ చిన్నాయిన జీపుల ఇంటికి తోలిస్త. మళ్ల ఏడ్వద్దు." సరే సరే అని ఎగిరి గంతేశాను. మూట విప్పి కట్టి, విప్పి కట్టి, అవ్వతో, అంటే మా అమ్మతో, తిట్లు కూడా తిన్నాను.

తెల్లవారి బయల్దేరాం. అబ్బ, ఆ పొద్దుటి గోదారి! ఒక పక్క నీళ్ళు, ఒక పక్క తుమ్మ కంప, మధ్యలో మేకలు నడిచేంత దారి. కాసేపు దారి ఉంటుంది, కాసేపు బండలే. ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకుతుంటే నా గుండె నా కంటే ముందు దూకేది. మా మేనత్త కొడుకు, నాకంటే కొంచెం పెద్దవాడు, కోతిలా అందరికంటే ముందున్నాడు. నేను మాత్రం గుమ్మడికాయ బరువుకు మెల్లమెల్లగా అందరికంటే వెనకబడ్డాను.

వెనకబడ్డవాళ్ళ బాధ వెనకబడ్డవాళ్ళకే తెలుస్తుంది. ముందున్నవాళ్ళు చెట్టు నీడన కూర్చుని నీళ్ళు తాగి, కబుర్లు చెప్పుకుని, నేను ఒగర్చుకుంటూ అక్కడికి చేరగానే "వచ్చింది, ఇగ నడువుండ్రి" అని లేచేవాళ్ళు. వాళ్ళకు విశ్రాంతి, నాకు ఉరుకు. రెండుసార్లు అలాగే అయ్యాక బాపు నా ముఖం చూసి, "గీ పిల్ల నడువది. రేవు కాడ జీపెక్కియ్యాలె" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. గుమ్మడికాయను గట్టిగా పట్టుకుని పెదవి కొరుక్కున్నాను కానీ కంట నీరు రానివ్వలేదు.

అప్పుడు బాపమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "నాకు జర మసకలు కమ్ముతున్నయ్ బిడ్డా. గీ బండల మీద నీ కండ్లే నాకు కండ్లు. ముందర నడువు, నీ ఎనుక నేనొస్త" అంది. వెనక్కి తిరిగి గట్టిగా, "పొల్ల ముందర నడుస్తది. ఎవలూ దాటి పోవద్దు" అని చెప్పేసింది. బాపమ్మ మాటకు ఎదురు చెప్పినవాడు మా వాడలో ఇంకా పుట్టలేదు.

ఇక చూడండి నా దర్జా! అంతమంది నా వెనక! ఏ బండ కదులుతుంది, ఎక్కడ పాచి ఉంది, ఏ కొమ్మకు ముల్లుంది, అన్నీ చూసి వెనక్కి కేకవేసి చెప్పడం నా పని. కాళ్ళ నొప్పి ఏమైందో, కాయ బరువు ఏమైందో నాకే తెలియదు. ఒకచోట ఒర్రెలో నీళ్ళు నిండుగా పారుతున్నాయి. దారి తెగిపోయింది. నేను మేకల పెంటికలు వెతుక్కుంటూ కొంచెం పైకి పోయాను. అక్కడ నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి, మేకలు దాటిన గుర్తులున్నాయి. "గిటు రాండ్రి!" అని నేను అరిచిన అరుపు అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది. రేవు దగ్గర చిన్నాయన జీపుతో నిలబడి ఉన్నాడు. బాపు జీపు వంక చూశాడు, నా వంక చూశాడు, "నువ్వు పో" అని చిన్నాయనతోనే అన్నాడు. జీపు నేను లేకుండానే పోయింది. నేను దానికి చెయ్యి ఊపాను కూడా!

సాయంత్రం ఇసుకలో చెలిమె తోడుకుని, ఊరిన చల్లని నీళ్ళు తాగి, జొన్నరొట్టెలు ఎల్లిపాయ కారంతో తిన్నాం. పాటలు పాడుకున్నాం. బాపమ్మ నా కాలిలో విరిగిన ముల్లును లాంతరు వెలుగులో పిన్నుతో చిటికెలో తీసేసింది. మసకల కళ్ళు కదా, అంత చిన్న ముల్లు ఎలా కనిపించిందని అడగాలని నాకు తోచనే లేదు.

ఆ సంగతి పొద్దున మా బావ తేల్చాడు. నేను మూట ఎత్తుకుని ఠీవిగా ముందుకు పోతుంటే పకపకా నవ్వి, "పెద్ద సర్దారువనుకుంటున్నవా? అందరికంటె మెల్లగ నడిచేటోళ్లను ముందర పెడుతరు. గంతే!" అన్నాడు. నా దర్జా అంతా నీరుగారిపోయింది. మాడిన ముఖంతో బాపమ్మను నిలదీశాను. ఆమె దాచలేదు. "అవు బిడ్డా, గందుకే పెట్టిన. ఎనుకున్నోళ్లకు ఊపిరి తీసుకునే యాళ్ల దొరకది. ముందరుంటె అందరు నీ అడుగే ఏస్తరు. గని ఒర్రె కాడ దారి దొరకవట్టింది ఎవలు? నేనా?" అంది. కోపం పూర్తిగా పోలేదు కానీ, నడక మాత్రం మళ్ళీ హుషారైంది.

పొద్దెక్కాక ఆఖరి బండల దగ్గర బాపమ్మ పాచి మీద జారింది. మోకాలు మెలిపడింది. ఏమీ కాలేదంటూ లేచింది కానీ, ఒడ్డెక్కి బండ్ల బాటలో పడేసరికి కుంటుతోంది. అప్పటికే దూరాన జాతర డప్పులు వినిపిస్తున్నాయి. అవి వినగానే అందరి కాళ్ళకూ రెక్కలొచ్చాయి. బాపమ్మ ఒక్కతే వెనకబడింది. మేము ఆగేవాళ్ళం, ఆమె చేరేది, మేము లేచేవాళ్ళం. బాపు, "అవ్వా, నువ్వు గీ ఇప్పచెట్టు కింద కూసో, నేను పోయి బండి తోలుకొస్త" అన్నాడు.  బాపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట తుడుచుకుంటోందని అందరూ అనుకున్నారు. నేను దగ్గరే ఉన్నాను, అది చెమట కాదు.

నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "బాపమ్మా, గీడికెల్లి నాకు దారి తెలుస్తలేదు. నువ్వే ముందర నడువు" అన్నాను.

బండి చక్రాల గాడులు పడిన బాట అది. కళ్ళు మూసుకుని పోయినా తప్పిపోరు. మా బావ నోరు తెరిచాడు. వాడి కాలు తొక్కాను. బాపమ్మ నా ముఖంలోకి కొంతసేపు చూసింది, కిసుక్కున నవ్వింది. "అట్లనా బిడ్డా? అయితె నా ఎనుక రా" అని కొంగు నడుముకు చుట్టుకుని ముందుకు నడిచింది. బాపు ఆమె మూట అందుకున్నాడు. అందరం ఆమె అడుగులో అడుగు వేస్తూ, ఆమె నిలబడ్డప్పుడు నిలబడుతూ, డప్పుల మధ్యకు నడిచాం. ఆ సంతోషం ఇప్పటికీ నా గొంతులో ఉంది. గుమ్మడికాయను నేను ఒక్కదాన్నే పెట్టలేదు. బాపమ్మను ఒక పక్క పట్టుకోమన్నాను.

ఆ తర్వాత పెళ్ళిళ్ళకు పోయినా, పొలానికి పోయినా, అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళను ముందు పెట్టడం నాకు అలవాటైపోయింది. ఎందుకని ఎవరడిగినా, నాకు దారి తెలుస్తలేదు అనేదాన్ని, అంతే. మొన్నటి చలికాలంలో మా మనవరాలు, దాని స్నేహితులు నన్ను సముద్రం చూపిస్తామని తీసుకుపోయారు. అక్కడా ఒడ్డంతా బండలే. కొంత దూరం పోయాక నా మోకాళ్ళు మొరాయించాయి. పిల్లలు ముందుకు పోయారు, ఆగారు, ఏదో గుసగుసలాడుకున్నారు. మా మనవరాలు వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, మాకు దారి తెలుస్తలేదు. నువ్వే ముందర నడువు" అంది. దాని చేతిలో ఫోన్ దారి చూపిస్తూనే ఉంది. నేను దాని ముఖంలోకి చూశాను, కొంగు నడుముకు చుట్టుకున్నాను, ముందుకు నడిచాను.