శీలావతులకు ఏం తక్కువైంది

నా చిన్నప్పుడు తర్లుపాడు దగ్గర మా ఊళ్లో చేపలు పెంచేవాళ్లు ఎవరూ లేరు. మెట్టపొలంలో వేసిన బోరులో నీళ్లు బాగా పడటంతో మా నాయనకు ఆ ఆలోచన వచ్చింది. పొలం మూలన కుంట తవ్వించి శీలావతి చేపపిల్లలను వదిలాడు. మేత మా ఇంటిదే. మా వేరుశనగలు గానుగ ఆడించగా మిగిలిన చెక్క, కాస్త తవుడు. సాయంత్రం పూట ఆ మేత చల్లేది నేనే. నా అడుగుల చప్పుడుకే చేపలు గట్టు దగ్గరికి చేరేవి.

కానీ అవి ఎదగలేదు. వల వేసి చూస్తే తలలు పెద్దవి, ఒళ్లు సన్నం. నాయన మేత పెంచాడు. చేపలు అలాగే ఉన్నాయి, నీళ్లు మాత్రం వాసన కొట్టసాగాయి. కుంట పూడ్చి కంది వేస్తానని ఆయన అన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే మా మేనత్త వచ్చింది. ఆమె చేపల మేతలు పరీక్షించే చోట ఉద్యోగం చేసేది. "ఇంకెంత పెట్టేది మా? బస్తాలకు బస్తాలు చెక్క తిని గూడా ఇట్లనే ఉండాయి," అని నాయన గోడు చెప్పుకున్నాడు.

అత్త పెరట్లో పూలు కోసుకొచ్చి నా ముందు పోసింది. రెండు మల్లెలు, ఒక కనకాంబరం, ఒక మరువం రెమ్మ, ఈ వరుస తప్పకుండా దండ కట్టమంది. మూర నిండకముందే మరువం అయిపోయింది. నేను చేతులు ఆపాను.

"ఆపినావేంది? మల్లెలు అన్ని ఉండాయి గదా," అంది.

"ఎన్నుంటే ఏముందత్తా? మరువం లేకుండా వరుస ఎట్ల వస్తాది?"

అత్త నాయన వైపు తిరిగింది. "నీ చేపల సంగతీ అంతే అన్నా," అని నిదానంగా విడమరిచి చెప్పింది. చేపకు కండ పట్టాలంటే అమైనో ఆమ్లాలు కొన్ని ఒక వరుసలో కూడాలట. వాటిలో కొన్నిటిని చేప ఒళ్లు తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ అనే రెండూ తక్కువ. అవి చాలకపోతే మిగతావి ఎన్ని ఉన్నా నీళ్లపాలే.

"అయితే కోస్తా నుంచి ఎండుచేపల పొడి తెప్పియ్యాల్నా?" అన్నాడు నాయన నీరసంగా.

"అవసరం లేదు. ఉలవల్లో లైసిన్ ఉంది, నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఉంది. వేరుశనగ చెక్క తగ్గించి ఆ రెండూ కలుపు."

వంటింట్లోంచి మా అవ్వ నవ్వింది. "ఉలవలు ఎద్దులకు రోజూ ఉడకేసేటియే గదా. ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువేస్తాలే."

అప్పటినుంచి ఉడికిన ఉలవలు, రెండు రకాల చెక్క, తవుడు కలిపి ముద్దలు చేసి వేశాం. నీళ్ల వాసన తగ్గింది. ఎండలు ముదిరేనాటికి వల లాగితే చేపల వీపులు దిట్టంగా ఉన్నాయి. నాయన ఒకదాన్ని నా చేతుల్లో పెట్టాడు. అది జారి నీళ్లలో పడితే ఇద్దరం తడిసి నవ్వుకున్నాం. చేపల బుట్టలు అమ్మకానికి మార్కాపురం వెళ్లేటప్పుడు నాకు కొంచెం బెంగ వేసింది. మళ్లీ పిల్లలను తెస్తానని నాయన మాట ఇచ్చాడు, తెచ్చాడు కూడా.

పెద్దయ్యాక గిద్దలూరు చుట్టుపక్కల బళ్లలో పంతులమ్మగా పనిచేశాను. ఎంత చెప్పినా పాఠం అందుకోలేని ఒక అమ్మాయిని మరో గంట కూర్చోబెట్టబోయి, ఆగి, పక్కన కూర్చుని మాట్లాడాను. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదని అప్పుడు తెలిసింది. మంచి చెవి నా వైపు ఉండేలా చోటు మార్చాను. ఇప్పటికీ ఎవరైనా ఎంత పాటుపడినా ముందుకు సాగలేకపోతుంటే, ఇంకా కష్టపడమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఏది తక్కువైందని అడుగుతాను.