బంకులో బర్త్‌డే కేకు

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నా పక్కన కూర్చుని టీ తాగడం కూడా మానేస్తారు. మా అమ్మాయి కరుణ పొద్దున్నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. అయినా చెప్తాను, వినండి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పెట్రోల్ బంకులో పనిచేశాను కదా. అంతకుముందు మోండా మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు మోసినవాణ్ణి. ఆ బంకే నాకు అన్నం పెట్టింది. ఎండలో నిలబడి, కార్లవాళ్ల తిట్లు తిని, పిల్లల్ని చదివించాను. పద్మారావు నగర్ పోయే దారిలో ఉన్న ఆ బంకు మూతపడి చాలా ఏళ్లైంది. ఇప్పుడు దాన్ని కాఫీ షాపు చేశారు! పైన షెడ్డు అట్లే ఉంది. పెట్రోల్ పోసే మిషన్లకు రంగులేసి బొమ్మల్లా నిలబెట్టారు. మేము ఇంజన్ ఆయిల్ డబ్బాలు పెట్టుకున్న గదిలో కేకులు అమ్ముతున్నారు.

మా ఆవిడ సుగుణ అరవయ్యో పుట్టినరోజు కరుణ అక్కడే పెట్టింది. సుగుణ తన బతుకులో ఒక్క కేకు కూడా కోయలేదు. ప్రతి ఏడాదీ నా డ్యూటీయో, పిల్లల ఫీజులో అడ్డం వచ్చేవి. "వచ్చే ఏడు చేద్దాంలే" అనేవాణ్ణి. అట్లా అరవై నిండాయి. ఇదీ పాడైతే ఇంకెప్పుడు కోస్తుంది?

అందుకే కరుణ ముందే వార్నింగ్ ఇచ్చింది. "డాడీ, అక్కడ ఎవరి మీదా అరవద్దు. అమ్మ కేక్ కట్ చేసేదాకా జెర ఓపిక పట్టు, ప్లీజ్."

"నేనెప్పుడు అరిచిన?" అని అరిచాను.

పోయి కూర్చున్నానే గానీ ఒంటికి కుదురు లేదు. మా టేబుల్ వేసింది ఎక్కడో తెలుసా? సరిగ్గా కింద పెట్రోల్ ట్యాంకు ఉండే చోట! లేచాను. అక్కడ నిలబడ్డ మేనేజర్ కుర్రాణ్ణి అడిగాను.

"బాబూ, కింద ట్యాంకు తీసేసిన్రా?"

"ఏ ట్యాంక్ అంకుల్?"

ఏ ట్యాంకట! "కింద ఏముందో తెల్వకుండ పైన కాఫీలు అమ్ముతున్నవా?"

"ఏమండీ, ఇటు రండి," అంది సుగుణ.

వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. నేల వాసన చూశాను. కాఫీ వాసనే వచ్చింది, నాకు నమ్మకం కలగలేదు. గోడకు మా ఎర్ర బకెట్లు వేలాడుతున్నాయి. మంట లేస్తే చల్లడానికి ఇసుక నింపి పెట్టుకునేవాళ్లం. వీళ్లు ఇసుక పారబోసి, మట్టి నింపి, మనీప్లాంట్లు పెంచుతున్నారు. ఒళ్లు మండింది. నోరు మూసుకున్నాను.

కేకు వచ్చింది. తెల్లగా, పెద్దగా, సుగుణ పేరుతో. ప్రార్థన చేయకుండా మా ఇళ్లలో ఎవరూ కేకు మీద చాకు పెట్టరు. "డాడీ, నువ్వే చెయ్యి," అంది కరుణ. అందరం కళ్లు మూసుకున్నాం. నేను మొదలుపెడితే అంత త్వరగా వదలను. "ఈ స్థలమును అగ్ని నుండి కాపాడుము తండ్రీ" అని కూడా కలిపాను.

ఈలోగా కరుణ, వాళ్లమ్మ కళ్లు తెరిచేసరికి సర్‌ప్రైజ్‌గా ఉండాలని క్యాండిల్ వెలిగించింది. మామూలు క్యాండిలైనా బాగుండేది. నిప్పురవ్వలు పైకి చిమ్మే రకం!

ఆమెన్ అని కళ్లు తెరిచాను. బుస్సుమని మూరెడు ఎత్తు మంట! బంకులో! ట్యాంకు నెత్తిన!

తర్వాత నా బుర్ర పనిచేయలేదు, చేతులే పనిచేశాయి. మా పాత ఓనరు నెలనెలా నేర్పించేవాడు: ముందు ఇసుక చల్లు, మాటలు తర్వాత. "జరగండి!" అని ఒక్క కేక పెట్టి, ఒక్క ఉరుకులో బకెట్ లాగి ధబీమని కుమ్మరించాను.

మంట ఆరింది. కేకు కనపడలేదు. దాని నడిమధ్య మనీప్లాంటు అక్కడే మొలిచినట్టు నిలబడింది. పక్క టేబుల్ వాళ్లు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని చప్పట్లు కొట్టారు.

"డాడీ!" అంది కరుణ.

మేనేజర్ ఫోన్ పట్టుకుని ఉరికొచ్చాడు. "అంకుల్, ఓనర్‌ను అడిగిన! ట్యాంకులు ఎప్పుడో తవ్వి తీసేసిన్రట! ఇక్కడ అంటుకునేది ఏం లేదు!"

"ఎందుకు లేదు నాయనా," అంది సుగుణ, చీర మీది మట్టి దులుపుకుంటూ. "ఈయన్ను నేనే తోలుకొచ్చిన కదా."

నేను తల దించుకున్నాను. ఆమె మాత్రం మొక్కను వేర్లతో సహా తీసి మేనేజర్ చేతిలో పెట్టింది. చాకుతో మట్టి గీకింది. ఓ మూల కొంచెం తెల్లగా కనిపించింది. అక్కడ కోసింది. కరుణ కళ్లు తుడుచుకుని పాట అందుకుంది. మొదటి ముక్క తెచ్చి సుగుణ నా నోట్లోనే పెట్టింది. పళ్ల కింద మట్టి కరకరమంది.

"ఎట్లుంది?"

"మస్తుంది," అన్నాను. ఇంకేమంటాను!

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బంకులో ఒక్కనాడు కూడా నిప్పంటుకోలేదు. నేర్చుకున్న విద్యంతా అట్లే దాచిపెట్టి, చివరికి నేను ఆర్పిన ఒకే ఒక్క మంట ఏదయ్యా అంటే, నా పెళ్లాం బర్త్‌డే క్యాండిల్!