తీగలు వెతికే పైలట్

“పొగమంచు అడ్డొస్తే ఆ కెమెరా ఏం చేస్తుంది?”

బూట్ల తాళ్లు బిగించుకుంటున్న భార్యను అతను అడిగాడు. ఏమీ చెయ్యదని చెప్పి ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. ఆమె హెలికాప్టర్ అంబులెన్సులో నర్సు, అతను ఫిజిక్స్ మాస్టారు. చీకట్లో వేడిని పట్టి చూపించే కెమెరా ఒకటి ఆ హెలికాప్టర్‌కి ఉంది. పాపకు ఎనిమిది నెలలు. ఆమె రాత్రిళ్లు ఎగరడం మొదలుపెట్టాక అతనికి కంటిమీద కునుకు లేదు. ఎలాగైనా ఉద్యోగం మాన్పించాలనుకుని, ఓ సాయంత్రం పాపను చంకనేసుకుని హ్యాంగర్‌కి వెళ్లాడు.

పైలట్ యాభై దాటిన మనిషి. ఎదురుగా ఉంటే పెద్దక్క, చాటున ‘వాపసు అక్క’. వాతావరణం తేడాగా ఉంటే సగం దారిలోంచే తిప్పేస్తుందని ఆ పేరు. పిలిచేవాళ్లంతా తనతో క్షేమంగా వాపసు వచ్చినవాళ్లేగా అని ఆవిడ నవ్వేసేది.

మాస్టారి భయమంతా విని, పాపను అక్కడే డ్యూటీలో ఉన్న తల్లికిచ్చి ఆయన్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టింది. కెమెరా తెరమీద వేడి వెలుగై కనిపిస్తోంది. కంచె అవతల గడ్డిలో పడుకున్న కుక్క తెల్లగా మెరుస్తోంది. మెకానిక్ గోడకు ఆనించి తీసిన అరచెయ్యి అచ్చు ఇంకా చెరగలేదు.

“ఆ స్తంభం మీద తీగలెన్నో చెప్పండి మాస్టారూ.”

తెరమీద ఎంత చూసినా ఒక్కటీ కనబడలేదు. తల ఎత్తి చూస్తే, సందె వెలుగులో మూడు.

“పొలంలో పడిపోయిన మనిషిని ఇది చిటికెలో పట్టిస్తుంది. సన్న తీగ దీనికి ఆనదు. దట్టమైన పొగమంచులో మనలాగే గుడ్డిది.”

అందుకే ఆవిడ పగటిపూట బండి వేసుకుని, దిగాల్సిన ప్రతి మైదానం చుట్టూ తిరిగి తీగలన్నీ పెన్సిలుతో గీసుకొస్తుంది. తను చూడని చోట రాత్రి దిగదు.

ఆ వారంలోనే ఓ రాత్రి పెద్దక్క, అతని భార్య ఒక రోగిని తీసుకురావడానికి వెళ్తుంటే, దారిలో పొగమంచు కమ్మింది. తనకేమీ కనబడటం లేదని పెద్దక్క రేడియోలో చెప్పేసి, వెనక్కి తిప్పి మంచు లేని మైదానంలో దిగింది. రోగిని రోడ్డుమీద అక్కడికి రప్పించింది. గంట ఆలస్యమైనా ప్రాణం దక్కింది. తెల్లారి భార్య ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పగానే అతను పాపను ఆమె ఒళ్లో పెట్టాడు. ఉద్యోగం మానమన్న ఊసు మళ్లీ ఎత్తలేదు.

కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్తే పెద్దక్క ఒక్క మాటే అంది. “తెలియనప్పుడు తెలియట్లేదని పైకి అనెయ్యండి. తెలిసినట్టు నటిస్తేనే మనుషులు పోతారు.”

ఇప్పుడు పాపకు జ్వరంతో ఒళ్లు కాలుతుంటే మాస్టారు పుస్తకాలు తిరగేస్తూ ఊహలు అల్లడం లేదు. “నాకు తెలియట్లేదు” అని భార్యతో అంటాడు, వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తాడు.