అక్కయ్య కోసం దించిన బండి

మా తోటికోడలిని నేను అక్కయ్య అని పిలిచేదాన్ని. నేను కాపురానికి వచ్చేనాటికే ఆమెకు ఎడమ కాలు కురచ. నడిస్తే ఒక పక్కకి ఒరిగిపోయేది. అయినా ఎవరైనా చెయ్యి అందిస్తే పుచ్చుకునేది కాదు. గోడ పట్టుకునేది, స్తంభం పట్టుకునేది, మనిషిని మాత్రం పట్టుకునేది కాదు.

ఆ కాలు ఎలా విరిగిందో మా అత్తగారు బతికుండగా నాకు చెప్పారు. మా బావగారు కోనసీమలో మా ఊరి బడికి పంతులు. ఒక ఏడు ఆయన రాజమండ్రి నుంచి కమాన్ల బండి తెచ్చుకున్నారు. మామూలు బండికి పెట్టె నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది, రాయి తగిలితే నడుము విరిగినంత పని అవుతుంది. ఈ బండికి మాత్రం ఇరుసు మీద రెండు పక్కలా వంపు తిరిగిన ఇనుప రేకుల కమాన్లు, ఆ కమాన్ల మీద పెట్టె. కుదుపు తెలియదు. కాని పీట వేసుకుంటే తప్ప ఎక్కలేనంత ఎత్తు. ఊళ్ళో వాళ్ళు దాన్ని చూడటానికి వచ్చేవారట. ఆ ఏడు ఆషాఢంలో, వాన వెలిసిన మధ్యాహ్నం, కాలువ గట్టు మలుపులో బురదకి జారి బండి ఒరిగిపోయింది. తోలుతున్నది బావగారే. ఆయన గట్టు మీదికి దూకగలిగారు. లోపల కూర్చున్న అక్కయ్య బండితోపాటు కిందికి పోయింది. తుంటి ఎముక విరిగింది. వెదురుబద్దలతో కట్లు కట్టించుకుని నెలల తరబడి మంచాన ఉండి, లేచేసరికి కాలు కురచైంది.

ఆ తరువాత ఆమె ఆ బండి ఎక్కలేదు. ఎక్కాలంటే ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, అది ఆమెకు ఇష్టం లేదు. ఎక్కడికి వెళ్ళినా పడవే. కాలువ మా పెరటి వెనకే పారేది కనుక అదేమంత కష్టం కాలేదు. ఆ రోజు సంగతి మాత్రం అక్కయ్యా బావగారూ ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోగా నేను వినలేదు.

అక్కయ్యకి పిల్లలు లేరు. పుట్టింటివైపు మిగిలింది ఒక్క చెల్లెలు. తల్లి పోతే ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది తనే, నరసాపురంలో పెళ్ళి చేసి పంపిందీ తనే. ఒక వేసవిలో నరసాపురం నుంచి వచ్చిన మనిషి వీధి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఆ పిల్ల ఆడపిల్లని కన్నదనీ, కన్న దగ్గరనుంచీ జ్వరం విడవడం లేదనీ, అక్క కావాలంటోందనీ.

అది కాలువలు కట్టేసే రోజులు. ఏటా వేసవిలో పూడిక తీయడానికి ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తారు. పెరట్లో నిలబడి చూస్తే కాలువ నిండా బురద, అక్కడక్కడ మోకాలి లోతు మడుగులు, ఒడ్డుకి లాగి బోర్లించిన పడవలు.

"మేనా మాట్లాడతాను. బోయీలు రేపు పొద్దున్నే వచ్చేస్తారు," అన్నారు బావగారు.

"నన్ను మనుషులు మోసుకెళ్ళేది ఒక్కసారే. అది నేను పోయాక చూసుకోండి," అంది అక్కయ్య తలుపు చాటునుంచి.

"మరెలా వెళ్తావు?"

ఆమె కొట్టాంలో ఉన్న కమాన్ల బండివైపు చూసింది. తరువాత అంది, "ఆ బండి ఎత్తు తగ్గుతుందేమో కమ్మరిని పిలిచి అడగండి."

బావగారు ఆమెవైపు చూశారు. ఇంకేమీ అడగకుండా ఉత్తరీయం వేసుకుని కమ్మరి కొలిమికి వెళ్ళారు.

కమ్మరి వచ్చి బండి చుట్టూ తిరిగాడు, కింద దూరి చూశాడు. "ఆయ్, దింపొచ్చండి పంతులుగారూ. కమాన్లు ఇప్పుడు ఇరుసు మీద కూకున్నాయి గదండీ. వాటిని ఇరుసు కిందకి బిగించామంటే పెట్టె దానంతటదే దిగిపోద్దండి. ఎంత దిగాలో చెప్పండి."

ఎంత దిగాలో బావగారికి తెలియలేదు. అక్కయ్యే బయటికి వచ్చింది. వీధి అరుగు మీద కూర్చుంది, పాదాలు నేలకి అందలేదు. లేచి, పక్కనున్న చిన్న తిన్నె మీద కూర్చుని రెండు పాదాలూ నేలమీద ఆనించింది. "ఇంత ఎత్తు," అంది. కమ్మరి తాడుతో ఆ ఎత్తు కొలుచుకుని ముడి వేసుకున్నాడు.

పని మా వాకిట్లోనే, కొట్టాం నీడన జరిగింది. నేను చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని కిటికీలోంచి చూసేదాన్ని. చక్రాలు ఊడదీశారు, పెట్టెకి దుంగలు ఆసరా పెట్టారు, ఇరుసు బయటికి లాగారు. లాగి నేలమీద పరిచిన బల్ల మీద పెట్టేసరికి కమ్మరి చేతులు ఆగిపోయాయి. ఆ ఇరుసు తిన్నగా లేదు. ఎడమ చక్రం ఎక్కే కొస వెనక్కి వంగి ఉంది. పైనుంచి చూస్తే తెలిసేది కాదు, బల్ల మీద పెడితే నాకు కిటికీలోంచి కూడా కనిపించింది.

"వొంగిపోయిందండి ఇది," అన్నాడు కమ్మరి.

బావగారు వంగి దాన్ని చేత్తో తడిమారు. "బండి ఎప్పుడూ ఎడమకే లాగేది. ఎద్దు పెంకిదనుకున్నాను. దాన్ని అమ్మేసి ఇంకోటి కొన్నాను, అదీ అంతే." గొంతు తగ్గించి అడిగారు. "ఇది పడకముందే వంగి ఉందంటావా? పడ్డాక వంగిందా?"

"అదెలా చెప్పగలనండి. ముందైనా వొంగుండొచ్చు, పడ్డప్పుడైనా వొంగుండొచ్చు."

"మొదటినుంచీ అటు లాగేదేమో. నాకు గుర్తు రావడం లేదు. మలుపులో నేను గట్టిగా తోలాననే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ."

ఆయన అది కమ్మరితో అంటున్నట్టు లేదు. తలుపు దగ్గర అక్కయ్య నిలబడి ఉంది. పరాయి మగవాడి ఎదుట ఆమె అంత పెద్దగా మాట్లాడటం నేను అదే వినడం.

"ఏమండీ. అది ఎప్పుడు వంగితే ఏంటి? మిమ్మల్ని నేనేమైనా అన్నానా ఎప్పుడైనా? ముందు దాన్ని తిన్నగా చేయించండి. నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి."

బావగారు తల తిప్పుకుని కొట్టాం వెనక్కి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ తరువాత ఆయన ఆ పని దగ్గరనుంచి కదలలేదు, బడికి కూడా వెళ్ళలేదు.

ఇరుసు కొసని కొలిమిలో కాల్చి, దిమ్మె మీద పెట్టి కొట్టి తిన్నగా చేశారు. కమాన్లు కిందకి బిగించారు. బండి కిందికి దిగింది కాని కొత్త చిక్కు వచ్చింది. బావగారు ఎక్కి కూర్చునేసరికి పెట్టె అడుగుబల్ల ధన్‌మని ఇరుసుకి కొట్టుకుంది. కమాన్లు మరీ మెత్తగా ఉన్నాయని ఒక్కో కమానుకీ ఇంకో రేకు చేర్చారు. పెట్టెతోపాటు ఎద్దుని కట్టే నొగలూ దిగిపోయాయి, కాడిని ఎద్దు మెడ మీదికి ఎత్తితే బండి వెనక్కి వాలింది. వడ్రంగి వచ్చి పెట్టెకీ నొగలకీ మధ్య చెక్కదిమ్మెలు పెట్టి నొగల్ని ఎత్తి సరిచేశాడు. ఇక్కడ అక్కయ్య ఒక్కో పూట గడుస్తున్నకొద్దీ అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దించేసేది. "వేగిరం కానివ్వమనండి," అని నా చేత కబురు పెట్టించేది. "బావగారూ, అక్కయ్య అడుగుతోంది," అని నేను తలుపు వెనకనుంచి చెప్తే, "వెళ్ళేటప్పుడు దారిలో ఆగిపోకూడదమ్మా. అవ్వనీ," అనేవారు.

చక్రాలు రెండూ ఒకే తీరున, తిన్నగా ముందుకే చూస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి కమ్మరి తాడు పట్టాడు. చక్రాల ముందు అంచుల మధ్య ఎంత ఉందో వెనక అంచుల మధ్యా అంతే ఉండాలి. ఉందన్నాడు. బావగారికి అది చాలలేదు. బండికి ఎద్దుని కట్టించి, రేవు మెట్ల పక్కనున్న వాలులోంచి ఎండిన కాలువలోకి దింపించారు. లోపల నల్లటి మెత్తని ఒండ్రు. దానిమీద బండి నడిస్తే జాడ అద్దం మీద గీసినట్టు పడుతుంది. నేనూ అక్కయ్యా పెరటి గోడ దగ్గర నిలబడి చూశాం.

మొదటిసారి నడిపితే కుడి చక్రం జాడ దాని ఇనుప పట్టా వెడల్పున సన్నగా, అంచులు తెగినట్టు వచ్చింది. ఎడమది వెడల్పుగా, అంచు చెదిరిపోయి, రుద్దినట్టు ఉంది. చక్రం దొర్లడం లేదు, పక్కకి ఈడ్చుకుపోతోంది. ఎద్దు కూడా మెడ ఎడమకి పెట్టే నడిచింది. మళ్ళీ ఇరుసు ఊడదీశారు, మళ్ళీ కొలిమి. తాడుకి తెలియని వంపు ఇంకా కొంచెం మిగిలి ఉందట. మర్నాడు పొద్దున్నే రెండోసారి కాలువలోకి దింపారు. బండి కాలువ మలుపుదాకా వెళ్ళాక చూస్తే, రెండు జాడలు, ఒక దానికొకటి దగ్గరా కాక దూరమూ కాక, తిన్నగా పడి ఉన్నాయి.

బావగారు ఆ బురదలో దిగి జాడ పక్కనే చాలా దూరం నడిచారు. పంచె మోకాళ్ళదాకా నల్లబడింది. అక్కయ్య గోడ పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నమే బయలుదేరాం. నా పెనిమిటి అమలాపురం కచేరీలో ఉండేవారు, అక్కయ్యకి తోడుగా నన్ను వెళ్ళమని కబురు చేశారు. అక్కయ్య బండి వెనక అంచు మీద వీపు లోపలికి పెట్టి కూర్చుని, రెండు చేతులూ ఆనించి లోపలికి జరిగి, కాలు తనే ఎత్తి పెట్టుకుంది. నేను చంటివాడితో ఎక్కాను. బావగారు ఎద్దుని అదిలించారు.

ఆ మలుపు వచ్చినప్పుడు ఆయన దిగిపోయారు. పగ్గం పట్టుకుని ఎద్దు ముందు నడవసాగారు. గట్టు పొడిగా, గట్టిగా ఉంది, భయం లేదు. అక్కయ్య లోపలినుంచి అంది, "ఎక్కండి. మీరు తోలండి." ఆయన ఎక్కారు. మలుపు దాటేదాకా నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఆమె ఒక మనిషి చెయ్యి పట్టుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. గట్టిగా పట్టుకుంది.

గోదావరి ఒడ్డున ఒక సత్రంలో పడుకుని, తెల్లవారాక బండిని బల్లకట్టు మీద దాటించుకుని నరసాపురం చేరాం. చెల్లెలికి స్పృహ ఉంది. అక్కని చూసి, "ఎలా వచ్చావే, కాలువలు లేవుగా," అంది. "బండెక్కి వచ్చాను," అంది అక్కయ్య. ఆ పిల్ల నమ్మలేదు. ఎత్తి కిటికీ దగ్గర కూర్చోబెట్టి వీధిలో ఉన్న బండిని చూపించాల్సివచ్చింది. "పొట్టిదైపోయిందేంటే," అని నవ్వింది. ఆ చెల్లెలు నవ్వగా నేను చూసింది అప్పుడే.

కొద్దిరోజులు బతికింది. అక్కయ్య ఆమె తలని తన ఒళ్ళో పెట్టుకునే ఉంది. ఆమె బిడ్డకి నా పాలే ఇచ్చాను, మావాడికి ఒక పక్క, ఆ పిల్లకి ఒక పక్క. చెల్లెలు పోయాక, కర్మ అయ్యాక, ఆమె అత్తగారు, చూపు ఆనని ముసలావిడ, పసిదాన్ని తెచ్చి అక్కయ్య ఒళ్ళో పెట్టింది. "మా ఇంట్లో దీన్ని సాకే ఆడదిక్కు లేదమ్మా. నువ్వే పెంచు," అంది. పిల్ల తండ్రి స్తంభానికి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు, కాదనలేదు.

వానలు పడ్డాక ఆ బండితో మాకు అవస్థే అయింది. అడుగు కిందికి ఉండటంవల్ల బురదలో దిగబడిపోయేది. మళ్ళీ పైకెత్తించమని చాలామంది చెప్పారు. బావగారు వినలేదు. వానాకాలం కొట్టాంలో పెట్టి, గట్లు ఆరాక తీసేవారు.

అక్కయ్య ఆ పిల్ల చేత తనని పెద్దమ్మ అనే పిలిపించుకుంది. ఏటా వేసవిలో నరసాపురం తీసుకువెళ్ళి తండ్రికి చూపించేది, తల్లి ఉన్న గది చూపించేది. పిల్లకి మాటలు బాగా వచ్చిన ఒక ఏడు, తిరిగి వచ్చేటప్పుడు రేవులో బల్లకట్టు కోసం ఆగాం. పిల్ల అడిగింది, "అందరికీ అమ్మ ఇంట్లో ఉంటుంది కదా. నాకెందుకు లేదు?"

అక్కయ్య పిల్లని దగ్గరికి లాక్కుంది. ఎద్దుకి నీళ్ళు పెడుతున్న బావగారు, పిల్లలతో ఎక్కువగా మాట్లాడని మనిషి, వెనక్కి తిరిగి అన్నారు, "ఉందిగా. నీ పక్కనే కూర్చుంది."

పిల్ల ఆమె మొహంలోకి చూసి, "అమ్మా, ఆకలేస్తోంది," అంది. అక్కయ్య మూట విప్పి అటుకులు పెట్టింది.